రాత్రి మాత్ర మత్తుగా ఉంటే అదొక్కటే మానేయొచ్చా? మెనోపాజ్ హార్మోన్ మందులతో వచ్చే ఇబ్బందులు

వచ్చిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ. ఒడిశాలోని గుణుపురంలో ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పే 50 ఏళ్ల టీచరుగారు రాశారు. నెలసరి ఆగిపోయి 14 నెలలైంది. వేడి ఆవిర్లు, రాత్రంతా చెమటలు, నిద్ర లేకపోవడం. విశాఖలో ఒక డాక్టరుగారు ఉదయానికి ఎస్ట్రాడయోల్ వాలరేట్ 1 మి.గ్రా. మాత్ర, రాత్రికి ప్రొజెస్టెరాన్ 100 మి.గ్రా. క్యాప్సూల్ రాశారు. వాడటం మొదలుపెట్టి రెండు నెలలు. ఆవిర్లు బాగా తగ్గాయి గానీ రొమ్ములు సలుపుతున్నాయి, కడుపు ఉబ్బరం, తలనొప్పి, పొద్దున్న స్కూల్లో మొదటి పీరియడ్ అయ్యేదాకా మత్తు. మధ్యలో ఒకసారి రక్తపు మరక కనబడింది. మత్తు భరించలేక పది రోజుల కింద రాత్రి క్యాప్సూల్ మానేశారు. మానిన మూడో రోజు మళ్లీ మరక. తోటికోడలు ఉదయం మాత్ర ఒక్కటే వేసుకుంటూ హాయిగా ఉందట. ఆడపడుచేమో అవి క్యాన్సర్ తెచ్చే మాత్రలు, అన్నీ పారెయ్యమంటోందట. విశాఖ మాటిమాటికీ వెళ్లలేనన్నారు. థైరాయిడ్ మాత్ర కూడా రోజూ వేసుకుంటారు. అన్నీ ఆపేయాలా, ఉదయం మాత్రతో సరిపెట్టుకోవచ్చా అని అడిగారు.

అమ్మా, నేను బరంపురంలో గైనకాలజిస్టుని. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు నుంచి మన తెలుగు ఆడవాళ్లు చాలామంది నా దగ్గరికి వస్తుంటారు. మీరు చేసిన పని వాళ్లలో చాలామంది చేస్తారు కాబట్టి ముందు దాని సంగతే చెబుతాను. ఉదయం మాత్రతో సరిపెట్టుకోకండి. ఈ రాత్రి నుంచి క్యాప్సూల్ మళ్లీ మొదలుపెట్టండి. ఏ కారణం చేతైనా అది వేసుకోలేనంటే ఉదయం మాత్ర కూడా ఆపి, డాక్టరుకి ఫోన్ చేయండి. రెండూ వేసుకోవచ్చు, రెండూ మానొచ్చు. గర్భసంచి ఉన్న మనిషి రాత్రిది మానేసి ఉదయానిది మాత్రం కొనసాగించడం ఒక్కటే చేయకూడని పని.

ఎందుకంటే, ఆవిర్లు తగ్గించేది ఉదయం వేసుకునే ఎస్ట్రోజన్. అదే గర్భసంచి లోపలి పొరను కూడా పెంచుతుంది. నెలసరి వచ్చే రోజుల్లో ఒంట్లోనే తయారయ్యే ప్రొజెస్టెరాన్ ఆ పొరను అదుపులో పెట్టేది. ఇప్పుడా పని రాత్రి క్యాప్సూల్ చేస్తోంది. అది లేకుండా ఎస్ట్రోజన్ ఒక్కటే నెలల తరబడి పోతూ ఉంటే పొర మందమవుతూ వచ్చి, కొందరిలో అది క్యాన్సర్‌కి దారి తీస్తుంది. ఈ సంగతి 1970లలోనే తేలింది. అప్పటి నుంచే గర్భసంచి ఉన్నవాళ్లకి రెండూ కలిపి ఇస్తున్నారు. పది రోజులు మానినందుకు మీకేమీ అయిపోలేదు, భయపడకండి. మూడో రోజున కనబడిన మరక క్యాప్సూల్ హఠాత్తుగా మానడం వల్ల వచ్చి ఉండొచ్చు. ప్రొజెస్టెరాన్ ఆగగానే పొర కొంత రాలుతుంది. అయినా ఎన్ని రోజులు మానారో, ఏ తేదీన మరక కనబడిందో మీ డాక్టరుకి చెప్పండి. లేకపోతే ఆ మరకకి కారణం వెతుకుతూ ఆయన మీతో లేనిపోని పరీక్షలు చేయించాల్సి వస్తుంది.

మీ తోటికోడలికి గర్భసంచి లేదేమో కనుక్కోండి. నా అంచనా అదే. లోపల పొరే లేనప్పుడు దాన్ని కాపాడే మందు అక్కర్లేదు, అందుకే ఆవిడకి ఒక్క మాత్ర. ఇది మన తెలుగిళ్లలో తరచుగా వచ్చే తికమక, ఎందుకంటే గర్భసంచి తీసే పెద్దాపరేషన్ చేయించుకున్నవాళ్లు మనలో అంత ఎక్కువ. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3 శాతం పైచిలుకు ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 9 శాతం దగ్గర ఉన్నారు. తెల్లబట్టకీ, నడుం నొప్పికీ కూడా సంచి తీసేసిన రోజులవి. ఆ కోపం నాకింకా పోలేదు, సరే. ఆవిడకి చిన్న వయసులోనే అండాశయాలు కూడా తీసేసి ఉంటే, ఎముకల కోసం, గుండె కోసం కనీసం మామూలుగా మెనోపాజ్ వచ్చే వయసు దాకా హార్మోన్ వాడటమే మంచిది. ఆవిడ పరిస్థితి వేరు, మీది వేరు. ఆవిడ చీటీ చూసి మీరు, మీ చీటీ చూసి ఆవిడ మందులు మార్చుకోకండి.

ఇప్పుడు మత్తు సంగతి. ప్రొజెస్టెరాన్ నోటి ద్వారా వేసుకుంటే కాలేయం దాన్ని విడగొట్టినప్పుడు తయారయ్యే పదార్థాల్లో ఒకటి మెదడు మీద నిద్రమాత్ర తరహాలో పనిచేస్తుంది. అందుకే దాన్ని రాత్రికి రాస్తారు. సరైన సమయానికి వేసుకుంటే చాలామందికి ఇది ఇబ్బందిగా కాకుండా లాభంగా ఉంటుంది, నిద్ర బాగా పడుతుంది. మీరు ఎప్పుడు వేసుకుంటున్నారో రాయలేదు. మన వాళ్లు రాత్రి మాత్రలన్నీ అన్నం తిన్న వెంటనే బీపీ మాత్రతో, షుగర్ మాత్రతో కలిపి మింగేస్తారు. ఈ క్యాప్సూల్‌కి అది పనికిరాదు. తిండితో కలిస్తే ఇది రక్తంలోకి మామూలు కంటే ఎక్కువగా ఎక్కుతుంది, మత్తూ ఎక్కువవుతుంది. ఎనిమిది గంటలకల్లా భోజనం ముగించండి. పదింటికి పక్క వేసుకుని, పనులన్నీ అయ్యాక, ఇక లేవక్కర్లేదు అనుకున్నప్పుడు నీళ్లతో వేసుకోండి. వేసుకున్నాక సీరియల్ చూస్తూ కూర్చుంటే మంచం దాకా నడిచేటప్పుడు తూలుతారు. ఒంటిగంటకి లేచి చెమట తుడుచుకుని, నిద్ర పట్టక అప్పుడు వేసుకునేవాళ్లూ ఉన్నారు. వాళ్లకి పొద్దున్న మత్తు ఉండక తప్పదు. స్కూటీ మీద స్కూలుకి వెళ్లేవారైతే ఈ నాలుగు రోజులు ఎవరినైనా దింపమనండి.

ఇలా ఒక రెండు వారాలు చూసినా మత్తు వదలకపోతే దారులున్నాయి. అదే క్యాప్సూల్‌ని రాత్రి యోనిలో పెట్టుకోమని కొందరికి చెబుతాం. కాలేయం దాకా పోకుండానే గర్భసంచికి అందుతుంది కాబట్టి మత్తు బాగా తగ్గుతుంది. లేదంటే డైడ్రోజెస్టెరాన్ అనే వేరే రకం మాత్రకి మారుస్తాం, దానికి మత్తు తక్కువ. ఎవరికి ఏది, ఎంత మోతాదు అన్నది మీ డాక్టరే చెప్పాలి. ఇంకో చిన్న మాట. ఈ క్యాప్సూళ్లలో కొన్ని కంపెనీలవి లోపల వేరుశనగ నూనెతో తయారవుతాయి. పల్లీలు పడనివాళ్లు పెట్టె మీద చదివి కొనుక్కోవాలి.

మరక గురించి. మీలాగా రెండు హార్మోన్లూ రోజూ వాడేవాళ్లలో మొదటి మూడు నుంచి ఆరు నెలలు అడపాదడపా మరక కనబడటం మామూలే. పొర పల్చబడి కుదుటపడటానికి ఆ మాత్రం సమయం పడుతుంది. మందు పనిచేయట్లేదనో, నెలసరి తిరిగి మొదలైందనో అనుకోకండి. గోడ మీద క్యాలెండర్లో ఆ తేదీ దగ్గర చుక్క పెట్టండి. మరక మాత్రమేనా, ప్యాడ్ తడిసేంతా అన్నది కూడా రాయండి. ఆరు నెలలు దాటినా వస్తూ ఉంటే, కొన్ని నెలలు ఏమీ లేకుండా ఉండి ఉన్నట్టుండి మొదలైతే, లేదా ధారగా పోతే, అప్పుడు స్కాన్ కావాలి. కింద నుంచి చేసే స్కాన్‌లో పొర మందం మిల్లీమీటర్లలో వస్తుంది. మెనోపాజ్ దాటిన మనిషికి అది 4 లోపు ఉంటే నిశ్చింత. మీలాగా హార్మోన్ వాడుతున్నవాళ్లకి 5 దాకా చూస్తారు. అంతకు మించి ఉంటే పొర ముక్క తీసి పరీక్షకి పంపుతారు. ఇక ఏ మందూ వాడని మనిషికి, నెలసరి ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క కనబడినా ఆలస్యం చేయకుండా చూపించుకోవాలి. అక్కడ ఆరు నెలల లెక్క వర్తించదు.

ఈ మరకల వల్ల అసలు నొప్పి కంటే ఇంట్లో గొడవే ఎక్కువ అని నాకు తెలుసు. ఏడాది పైనుంచి దేవుడి గదిలో హాయిగా దీపం పెట్టుకుంటున్న మనిషి, ఒక మరక చూసి మళ్లీ దూరంగా కూర్చోవాలా అని అడుగుతుంది. అత్తగారు అడుగుతుంది. ఇది మందు వల్ల పొర కొంచెం రాలడమే, ఇందులో అండం లేదు, నెలసరి లేదు. ఆ తరువాత మీ ఇల్లు, మీ ఇష్టం. కానీ మజ్జిగౌరమ్మ జాతరకో, పెళ్లికో అడ్డు రాకూడదని మెడికల్ షాపులో నెలసరి వాయిదా మాత్రలు కొని వీటి మీద వేసుకోకండి. అందులో ఉండేదీ ప్రొజెస్టెరాన్ జాతి హార్మోనే, మోతాదు చాలా పెద్దది. అడక్కుండానే చేతిలో పెట్టే షాపులు మన దగ్గర లేకపోలేదు. తేదీ ముందే తెలిస్తే డాక్టరుకి చెప్పండి.

రొమ్ముల సలుపు, కడుపు ఉబ్బరం, తలనొప్పి ఎక్కువగా ఎస్ట్రోజన్ వైపు నుంచి వచ్చేవి. ఉబ్బరంలో ప్రొజెస్టెరాన్‌కీ వాటా ఉంటుంది. చాలాకాలం హార్మోన్ అందని ఒంటికి ఒక్కసారిగా అందితే కొన్ని వారాలు ఇలా ఉంటుంది. చాలామందికి మూడు నెలల్లోపు తగ్గిపోతుంది. మీకు రెండు నెలలే కాబట్టి ఇంకొన్నాళ్లు చూడటం సమంజసమే. సరైన కొలత బ్రా వేసుకుంటే సలుపు సగం తగ్గుతుంది. మనవాళ్లు ఇంట్లో వదులు జాకెట్టుతో తిరుగుతారు, అందులో రొమ్ము వేలాడి నొప్పి ఇంకా ఎక్కువవుతుంది. రాత్రి కూడా మెత్తని కాటన్ బ్రా ఉంచుకోవచ్చు. ఉబ్బరానికి ఉప్పు తగ్గించాలి. ఆవకాయ, ఎండుచేపలు, అప్పడాలు రోజూ ఉండే ఇంట్లో ఉప్పు ఎంత పోతోందో ఎవరికీ తెలియదు. కడుపులో వికారం ఉంటే ఉదయం మాత్రని టిఫిన్‌తో వేసుకోండి, లేదా రాత్రికి మార్చుకోండి. ఎస్ట్రోజన్ మాత్ర ఏ పూట వేసుకున్నా పనిచేస్తుంది, రోజూ అదే పూట అయితే చాలు.

ఒక మాట మాత్రం గట్టిగా చెబుతాను. హార్మోన్ వల్ల వచ్చే సలుపు రెండు వైపులా, రొమ్మంతా ఉంటుంది. ఒక్క వైపే ఒక చోట గట్టిగా గడ్డ తగిలినా, చర్మం లోపలికి లాక్కున్నట్టున్నా, చనుమొన నుంచి రక్తంలాంటి నీరు వచ్చినా అది మాత్రల ఖాతాలో వేయకండి. వెంటనే చూపించుకోండి.

బరువు పెరుగుతానేమో అని మీరడగలేదు గానీ మిగతావాళ్లందరూ అడుగుతారు. మొదట్లో ఒంట్లో నీరు చేరి కిలో అటూ ఇటూ అనిపించొచ్చు. ఈ వయసులో నడుం చుట్టూ కొవ్వు చేరడం మెనోపాజ్ వల్ల, వయసు వల్ల. మాత్రల వల్ల కాదు.

తలనొప్పికి ముందు బీపీ చూపించుకోండి. బీపీ బాగుండి కూడా తలనొప్పి తగ్గకపోతే, మాత్ర వేసుకున్న కొన్ని గంటలకి రక్తంలో హార్మోన్ పెరిగి తర్వాత పడిపోవడం కారణం కావచ్చు. పార్శ్వపు నొప్పి ఉన్నవాళ్లకి ఇది బాగా తెలుస్తుంది. అలాంటివాళ్లకి నేను మాత్ర మార్చి చర్మానికి రాసుకునే ఎస్ట్రాడయోల్ జెల్ ఇస్తాను. అది మెల్లగా, ఒకే తీరున ఒంట్లోకి వెళ్తుంది. కడుపు, కాలేయం దాటిపోనక్కర్లేదు కాబట్టి వికారం తక్కువ. రక్తం గడ్డకట్టే భయం కూడా మాత్రతో కంటే తక్కువ, దాని సంగతి కింద చెబుతాను. రాత్రి క్యాప్సూల్ మాత్రం జెల్‌తో కూడా ఉండాల్సిందే. జెల్ వాడితే ప్రొజెస్టెరాన్ అక్కర్లేదనుకుని మానేసినవాళ్లున్నారు.

జెల్ రాసుకునే పద్ధతి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే పనిచేయట్లేదని వచ్చేవాళ్లలో సగం తప్పు అక్కడే. స్నానం చేసి ఒళ్లు పూర్తిగా ఆరాక, డాక్టరు చెప్పిన కొలత ప్రకారం భుజం కింద చేతి మీదో, తొడ లోపలి వైపో పల్చగా పరచండి. మర్దనా అక్కర్లేదు. రొమ్ముల మీద రాయకూడదు. రాసేచోట ముందుగా కొబ్బరి నూనె, పసుపు, పౌడరు ఉండకూడదు, అవి ఉంటే మందు లోపలికి సరిగ్గా పోదు. ఐదు నిమిషాలు ఆరనిచ్చి ఆ తర్వాతే జాకెట్టు వేసుకోండి. జెల్‌లో ఆల్కహాల్ ఉంటుంది, అది మంటకి అంటుకుంటుంది. స్నానం కాగానే దీపం పెట్టడం, పొయ్యి వెలిగించడం మన అలవాటు కాబట్టి చెబుతున్నాను. ఆరేదాకా నిప్పు దగ్గరికి వెళ్లొద్దు. చేతులు సబ్బుతో కడుక్కోండి. రాసిన చోటు కనీసం గంట సేపు తడవకూడదు. మనవలు ఉంటే మరీ జాగ్రత్త. పసిపిల్లని ఎత్తుకున్నప్పుడు ఆ చర్మం వాళ్లకి తగిలితే హార్మోన్ వాళ్ల ఒంట్లోకి పోతుంది. అలాంటి ఇళ్లలో చేతికి బదులు తొడకి రాసుకోమంటాను. ఎండాకాలం మన వైపు ఉక్కకి పది నిమిషాల్లో చెమట కారుతుంది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు రాసుకుంటే ఆ బాధ తక్కువ. చిన్న ఊళ్లలో ఈ జెల్ అన్నివేళలా దొరకదు. బరంపురంలోనో విశాఖలోనో ముందే చెప్పి తెప్పించుకోవాలి.

థైరాయిడ్ సంగతి మీరు చివర్లో ఒక ముక్కలో రాసి వదిలేశారు. నాకు అదే ముఖ్యంగా కనబడింది. నోటి ద్వారా వేసుకునే ఎస్ట్రోజన్, రక్తంలో థైరాయిడ్ హార్మోన్‌ని పట్టి ఉంచే ప్రొటీన్‌ని పెంచుతుంది. దాంతో మీరు వేసుకునే థైరాక్సిన్ చాలకపోవచ్చు. నీరసం, ఉబ్బరం, మలబద్ధకం, పొద్దున్నే మత్తు, ఇవన్నీ థైరాయిడ్ తగ్గినా వస్తాయి. మొత్తం నేరం రాత్రి క్యాప్సూల్ మీదే మోపకండి. థైరాయిడ్ సరిపోతోందో లేదో చెప్పే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష చేయించి ఎన్నాళ్లైంది? హార్మోన్ మొదలుపెట్టిన 6 నుంచి 12 వారాల మధ్య ఒకసారి చేయించాలి, మీకు సరిగ్గా ఇప్పుడే. గుణుపురంలోనే రక్తం ఇవ్వొచ్చు. ఎక్కువొస్తే మోతాదు కొద్దిగా పెంచుతారు. జెల్‌కి ఈ ఇబ్బంది లేదు. ఫిట్స్ మందులు వాడేవాళ్లూ, టీబీకి రిఫాంపిసిన్ వాడేవాళ్లూ కూడా ఆ సంగతి ముందే చెప్పాలి. కొన్ని ఫిట్స్ మందులూ, రిఫాంపిసినూ ఈ హార్మోన్లని ఒంట్లోంచి తొందరగా వెళ్లగొట్టేస్తాయి.

ఇక మీ ఆడపడుచు మాట. ఆవిడ ఊరికే అనలేదు, దానికో చరిత్ర ఉంది. 2002లో అమెరికాలో విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ అనే పెద్ద పరిశోధనలో, రెండు హార్మోన్లు కలిపి వాడిన భాగాన్ని మధ్యలోనే ఆపేశారు. రొమ్ము క్యాన్సర్, గుండెపోటు, పక్షవాతం, రక్తం గడ్డలు కొంచెం ఎక్కువ కనబడ్డాయి. ఆ వార్త ప్రపంచమంతా పాకింది, రాత్రికి రాత్రే లక్షలమంది మాత్రలు మానేశారు. వార్తలో రాని సంగతులేమిటంటే, ఆ పరిశోధనలో ఆడవాళ్ల సగటు వయసు 63. మీలాగా 50 ఏళ్లకి ఆవిర్లు పడలేక మొదలుపెట్టినవాళ్లు తక్కువ. వాడిన మందులు కూడా వేరు. అప్పుడు కనబడిన రొమ్ము క్యాన్సర్ పెరుగుదల పదివేల మందిలో ఏడాదికి 8 మంది. గర్భసంచి లేక ఎస్ట్రోజన్ ఒక్కటే వాడిన రెండో భాగంలో రొమ్ము క్యాన్సర్ పెరగనే లేదు.

బ్రిటన్‌లో ఇచ్చే లెక్క ఇంకా సులువుగా అర్థమవుతుంది. అక్కడ 50-59 ఏళ్ల వెయ్యిమంది ఆడవాళ్లని తీసుకుంటే ఐదేళ్లలో ఏ మందూ వాడకపోయినా 23 మందికి రొమ్ము క్యాన్సర్ వస్తుంది. రెండు హార్మోన్లూ వాడితే ఇంకో నలుగురికి. హార్మోన్ వాడకపోయినా బరువు బాగా ఎక్కువగా ఉంటే, ఆ 23కి తోడు ఇంకో 24 మందికి. మన దేశంలో మందు వాడనివాళ్ల లెక్కే అంతకంటే తక్కువ. ఆ నలుగురిని నేను కాదనను, కొట్టిపారేయను. ఎన్నేళ్లు వాడితే అంత పెరుగుతుంది, అందుకే ఏడాదికోసారి ఇంకా కావాలా అని కూర్చుని మాట్లాడుకోవాలి. కానీ బరువు గురించి ఒక్క మాటా అనని ఇంట్లో మాత్రల మీద ఇంత పెద్ద గొడవ దేనికి? మీ అమ్మగారికో, అక్కచెల్లెళ్లకో రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉంటే మాత్రం అది డాక్టరుకి చెప్పారా లేదా చూసుకోండి. మీకే వచ్చి ఉంటే ఈ మందులు మామూలుగా ఇవ్వం. మందు మొదలుపెట్టేముందు మామోగ్రామ్, అంటే రొమ్ముల ఎక్స్‌రే, చేయించకపోతే ఈసారి విశాఖ వెళ్లినప్పుడు చేయించేయండి.

నా మట్టుకు నేను మాత్ర రూపంలో ఎస్ట్రోజన్ ఇస్తున్నప్పుడు ఎక్కువగా భయపడేది రక్తం గడ్డకట్టడానికి. ఆ అవకాశం నోటి మాత్రతో సుమారు రెట్టింపవుతుంది. ఈ వయసులో అది మామూలుగానే చాలా తక్కువ కాబట్టి రెట్టింపైనా తక్కువే. జెల్‌తో, మామూలు మోతాదులో, పెరిగినట్టు కనబడలేదు. అందుకే లావుగా ఉన్నవాళ్లకి, ఇంట్లో ఎవరికైనా కాలిలోనో ఊపిరితిత్తుల్లోనో గడ్డ వచ్చినవాళ్లకి నేను మాత్ర రాయను. మన జిల్లాల్లో ఇంకో కారణం ఉంది, సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తపు జబ్బు. ఆ జబ్బు ఉన్నవాళ్లకి రక్తం ఊరికే గడ్డకడుతుంది. 2023 జూలైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ పరీక్షలు 40 ఏళ్ల లోపువాళ్లకే. అంటే సరిగ్గా మెనోపాజ్ వయసు ఆడవాళ్లు అందులో లేరు. ఇంట్లో పిల్లలకి ఎవరికైనా ఉందని తేలితే మీరూ అడిగి చేయించుకోండి.

గడ్డ కట్టిందని ఎలా తెలుస్తుంది? ఒక్క కాలే వాస్తుంది. పిక్క పట్టుకుంటే నొప్పి, వేడి. గంజాం, శ్రీకాకుళం వైపు కాలు వాస్తే బోదకాలు అనుకుని పసరు కట్టు కట్టి కూర్చుంటారు. బోదకాలు ఏళ్ల మీద పెరుగుతుంది. ఎస్ట్రోజన్ మాత్ర వాడుతున్న మనిషికి రెండు మూడు రోజుల్లో ఒక పిక్క వాచిందంటే అది వేరే సంగతి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి పీలిస్తే ఛాతీలో పోటు వస్తే ఇక క్షణం ఆగకండి, 108కి ఫోన్ చేయండి. భువనేశ్వర్‌కి రాత్రంతా రైల్లో వెళ్లేటప్పుడు గంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి. బాత్రూముకి వెళ్లాల్సి వస్తుందని నీళ్లు తాగకుండా కూర్చోవద్దు. కాలో చెయ్యో చచ్చుబడటం, మాట తడబడటం, కళ్లు పచ్చబడటం కూడా మాత్ర ఆపి పరుగెత్తాల్సిన లక్షణాలే.

రాత్రి చెమటల మీద ఒక మాట. మీకు ఆవిర్లు తగ్గాయి కాబట్టి ఇప్పటికి సరే. రేపెప్పుడైనా మళ్లీ చెమటలు మొదలైతే మందు మోతాదు చాలట్లేదని మాత్రమే అనుకోకండి. చలి వణుకుతో జ్వరం వచ్చి చెమటతో దిగితే మన రాయగడ, కొరాపుట్టు జిల్లాల్లో ముందు అనుమానించాల్సింది మలేరియాని. ఆశా కార్యకర్త దగ్గర వేలి చుక్కతో నిమిషాల్లో తేలే కిట్ ఉంటుంది. దగ్గు, బరువు తగ్గడం కూడా ఉంటే టీబీ పరీక్ష. మెనోపాజ్ ఆవిరి అలా ఉండదు. ఛాతీ నుంచి మొహానికి ఒక్కసారిగా వేడి ఎక్కి, నాలుగైదు నిమిషాల్లో చెమట పట్టి చల్లబడిపోతుంది. థర్మామీటర్ పెడితే జ్వరం ఉండదు.

అన్నీ చేసి చూశాక కూడా ఈ మందులు నాకొద్దు అనిపిస్తే అది మీ హక్కు. మానినంత మాత్రాన ప్రమాదమేమీ లేదు, ఆవిర్లు మళ్లీ రావచ్చంతే. ఒక్కసారిగా కాకుండా డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గిస్తే ఆ తిరగబెట్టడం కొంచెం తక్కువగా ఉంటుంది. హార్మోన్ లేని మందులూ ఉన్నాయి. డిప్రెషన్‌కి వాడే కొన్ని మాత్రలు తక్కువ మోతాదులో ఆవిర్లని తగ్గిస్తాయి, నరాల నొప్పికి వాడే గాబాపెంటిన్ కూడా. డిప్రెషన్ మాత్ర రాశారని మిమ్మల్ని పిచ్చిదానిగా చూస్తున్నారని కోపం తెచ్చుకోకండి. కింద పొడిబారడం, మంట, మాటిమాటికీ మూత్రం ఇన్ఫెక్షన్ మాత్రమే బాధిస్తుంటే ఒళ్లంతటికీ మాత్ర అక్కర్లేదు, అక్కడే రాసుకునే ఎస్ట్రోజన్ క్రీమ్ చాలు. మొదటి వారం పది రోజులు అది కొంచెం చురుక్కుమంటుంది. ఎండిపోయిన చర్మం మీద పడుతోంది కాబట్టి అలా ఉంటుంది, తర్వాత సర్దుకుంటుంది. ఆ తక్కువ మోతాదు క్రీమ్‌కి రాత్రి క్యాప్సూల్ కూడా అవసరం లేదు.

విశాఖ మాటిమాటికీ వెళ్లలేనన్నారు. ప్రతి చిన్నదానికీ వెళ్లక్కర్లేదు. మూడు నెలలు నిండినప్పుడు ఒకసారి చూపించుకోవడం మాత్రం తప్పనిసరి. అంతకుముందు ఏదైనా అడగాలంటే మీ డాక్టరు ఫోన్లో మాట్లాడితే సరే, లేదా ఫోన్లోనే డాక్టరుతో మాట్లాడించే ప్రభుత్వ ఈ-సంజీవని సేవ ఉచితం. వెళ్లేటప్పుడు మందుల ఖాళీ స్ట్రిప్పులు పట్టుకెళ్లండి, చీటీ కంటే అవే నాకు ఎక్కువ చెబుతాయి. బీపీ ఎంత ఉందో, టీఎస్‌హెచ్ ఎంతో, మరక తేదీలు, క్యాప్సూల్ ఎన్ని గంటలకి వేసుకుంటున్నారో ఒక కాగితం మీద తెలుగులోనే రాసుకోండి. ఇక్కడి ఒడియా డాక్టర్ల దగ్గరికి వెళ్లినా ఆ కాగితం చూసి నర్సమ్మ చదివి చెబుతుంది, బరంపురంలో తెలుగు రాని వార్డు తక్కువ. టీఎస్‌హెచ్ రిపోర్టు రాగానే ఇక్కడే కింద రాయండి, రాత్రి క్యాప్సూల్ మార్చాలా వద్దా అన్నది మీ డాక్టరుతో మాట్లాడటానికి అది చూశాక తేలిక.